ఇంకో ఏడాది ఉందామా?

"నాలుగు రోజులుగా ఫోన్లో అమ్మాయి గొంతు బాగోలేదత్తయ్యా. కాపురంలో ఏదో అయ్యే ఉంటుంది," అంది దర్జీ పనిచేసే ఆ ఇల్లాలు, ఇంకా కుట్టుమిషన్ మీద గుడ్డైనా తీయకుండా.

బీన్స్ తుంచుతున్న అత్తగారు తలెత్తలేదు. గాలి వీస్తే గోడ కూలుతుందనుకునే మనిషి తన కోడలు. మూలన బల్ల దగ్గర మామగారు పాత గడియారం విప్పుకుంటున్నారు. ఆయన ఎలాగూ మాట్లాడరు.

కానీ ఈసారి భయానికి ఆధారం ఉంది. నాలుగు రోజుల కిందట, తన పెళ్లిరోజు పొద్దున అల్లుడు కొత్త చొక్కా తెచ్చి, చేతులు పొడుగయ్యాయి, కురచ చేయమని ఇచ్చి వెళ్లాడు. జేబులో మడతపెట్టిన కాగితం దొరికింది. కూతురి దస్తూరీ. ‘ఇంకో ఏడాది కలిసి ఉందామా? ఆలోచించి చెప్పు.’

విడిపోయే మాటేనని తల్లికి అనిపించింది. కాగితం కనబడకపోతే ఆ మాటే లేకుండా పోతుందన్నట్టు, దారపు ఉండల డబ్బా అడుగున దాచేసింది.

పదింటికి కూతురు చొక్కా కోసం వచ్చింది. కళ్ల కింద నలుపు. తల్లి ఇక ఆగలేక కాగితం తీసి ముందు పెట్టింది. విడిపోయి ఎక్కడుంటావు, జనానికి ఏం చెప్పాలి, బస్సు డ్యూటీ దిగి వచ్చే నాన్నకు ఏమని చెప్పాలి అని గుక్క తిప్పుకోకుండా అడిగింది.

కూతురు కాగితాన్నే చూస్తూ, "ఇది నీ దగ్గరుందా? ఆయన చదవనే లేదా?" అంది.

విషయం అప్పుడు బయటపడింది. ప్రతి పెళ్లిరోజుకూ ఆమె ఆ ప్రశ్న రాసి అతని జేబులో పెడుతుంది. అతను కింద జవాబూ, మారాల్సిన సంగతి ఒకటీ రాస్తాడు. మూడేళ్లూ అలాగే జరిగింది. ఈసారి జవాబు రాలేదు. కాదని చెప్పలేక ఊరుకున్నాడేమోనని ఆమె నాలుగు రోజులు నలిగిపోయింది.

"పెళ్లంటే అద్దె ఇల్లా, ఏడాదేడాదికీ కాగితం రాసుకోవడానికి?"

"అడక్కపోతే ఎలా తెలుస్తుందమ్మా? ఆయన మాట పూర్తి కాకుండానే అందుకుంటానని, పోయినేడు ఆయన రాసేదాకా నాకే తెలీదు."

వెంటనే భర్తకు ఫోన్ చేసింది. అతనూ నాలుగు రోజులుగా జేబులు తడుముకుంటున్నాడట, ఈ ఏడు ఆమెకు అడగాలనే లేదేమోనని. కూతురు నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వాళ్లిద్దరి మధ్య మౌనం తన డబ్బాలోంచే వచ్చిందని తెలిసి తల్లి దాని మూత గట్టిగా బిగించింది.

ముసలామె బీన్స్ పళ్లెం పక్కన పెట్టింది. "కాదంటే ఏం చేస్తావే?"

"ఏమో నాన్నమ్మా. అందుకే అడిగేప్పుడు గుండె కొట్టుకుంటుంది."

ముసలామెకు అదేదో చూడాలనిపించింది. యాభై రెండేళ్ల కాపురంలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు. మూలకు తిరిగింది.

"ఏమండీ, ఇంకో ఏడాది ఉందామా? ఉంటే ఒకటి మారాలి. కిటికీ పక్కన నేను పడుకుంటాను."

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. ఈ వయసులో ఇదేం ఉపద్రవమని కోడలు ఊపిరి బిగబట్టింది. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, తుడిచి, బల్ల మీద పెట్టారు.

"అటు చలిగాలి కొడుతుంది. నీకు పడదని ఆ పక్క నేను తీసుకున్నా," అన్నారు చివరికి. "నిన్ను అడగాలని తోచలేదు. ఉందాం. కిటికీ నీదే."