తొమ్మిదో గులాబీ

తెల్లవారగానే పెంచలమ్మ వసారాలో బుట్ట ముందు పెట్టుకుని, అడుగున ఊక పోసి, ఊక మీద గుడ్లు పేరుస్తోంది. కోతల రోజులు. కొడవలూరులో అందరి ధ్యాసా పొలం మీదే ఉంది. మాల్యాద్రి కూడా గడప పక్కన కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. భార్యను చూసీ చూడనట్టున్నాడు గానీ ఎంతసేపని ఓర్చుకుంటాడు?

"క్లాసులు అయిపోయినాయన్నావే. మళ్ళా నెల్లూరెందుకు?"

"వదిన రమ్మనింది. పాప పుట్టినరోజు గదా. కేకు మీద పూలు నన్నే పెట్టమనింది."

"పెట్టేసి వచ్చెయ్యి. పాప కాడ ఏం మాట్లాడబాకు. నాయన మాటిచ్చినాడు, తెలుసుగా."

"ఎనిమిదేండ్ల నుంచి ఏం మాట్లాడినాను?"

మాల్యాద్రి కొడవలిని ఇంకాస్త గట్టిగా నూరాడు.

ఆ మాటేమిటో చెప్పాలి. మాల్యాద్రి అక్క వెంకటశేషమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి, ముగ్గురూ పురిట్లోనే పోయారు. మూడోసారి ఆమె ప్రాణం మీదికే వచ్చింది. ఇక పిల్లలు వద్దన్నారు డాక్టర్లు. కూతురి ఏడుపు చూడలేక పెంచలమ్మ మామగారు ఒక నిర్ణయానికి వచ్చాడు. పెంచలమ్మ కన్న కామాక్షికి సరిగ్గా ఏడాది నిండిన రోజున తలంటు పోయించి, పట్టుపావడా కట్టించి, తీసుకుపోయి శేషమ్మ ఒళ్ళో పెట్టేశాడు. ఈ సంగతి ఎన్నడూ పిల్ల చెవిన పడదని కూతురికి మాట కూడా ఇచ్చాడు. నీకేమమ్మే, చిన్నదానివి, మళ్ళీ పుడతారు అన్నారు చుట్టుపక్కల అమ్మలక్కలు. అన్నవాళ్ళదేం పోయింది? పెంచలమ్మకు మళ్ళీ పుట్టలేదు. ఆమె కన్న కూతురు ఆమెనే అత్తా అని పిలవడం నేర్చుకుంది.

శేషమ్మ ఇంట్లో ఆ పిల్ల ఒళ్ళోకి వచ్చిన రోజే పుట్టినరోజు అయింది. బడిలోనూ అదే రాయించారు. ఆ లెక్క ప్రకారం ఈరోజుకి కామాక్షికి ఎనిమిదేళ్ళు. అంతకు ముందటి ఏడాది ఎక్కడికి పోయిందని అడిగిన నాథుడు లేడు.

ఇక కేకుల సంగతి. నెల్లూరు మహిళా మండలిలో ఎలిశబెతు టీచరు శుక్రవారం శుక్రవారం కేకుల మీద పూలూ లతలూ వేయడం నేర్పేది. కాలక్షేపం క్లాసు. ఆఫీసర్ల భార్యలు చేరారు, కాలువల ఆఫీసు పద్మనాభయ్య భార్యగా శేషమ్మా చేరింది. తెల్లసొన గిలక్కొట్టి పంచదార పొడి కలిపితే ఐసింగు. దానికి తాజా గుడ్లు కావాలి. అట్లా గుడ్లు మోసే పని పెంచలమ్మకు పడింది. మొదటి రెండు వారాలు గుమ్మం దగ్గరే కూర్చుంది. మూడోవారం టీచరే పిలిచి ఐసింగు నింపిన నూనెకాగితం పొట్లం చేతికిచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ముగ్గులు పెట్టిన వేళ్ళాయె, మొదటి గులాబీయే రేకులు విప్పుకుని నిలబడింది. శేషమ్మ గులాబీలు మాత్రం చివరి వారానికి కూడా ఒరిగి పడుకుంటూనే ఉన్నాయి. సముద్రపు గాలికి పంచదార చెమ్మగిల్లుతుందని టీచరు దిగులు పడితే, పెంచలమ్మ వడియాలు ఎండబెట్టినట్టే పూలను జల్లెడలో పేర్చి, పల్చటి గుడ్డ కప్పి ఎండలో పెట్టింది. ఆ తర్వాత క్లాసంతా జల్లెడలు తెచ్చుకుంది.

నిజం చెప్పొద్దూ, ఆమె వెళ్ళేది కేకుల కోసం కాదు. క్లాసు అయ్యాక బుట్ట దింపడానికి వదిన ఇంటికి వెళ్తే, బడి నుంచి వచ్చిన కామాక్షి ఒక అరగంట కనబడేది. అత్తా, జడ వెయ్యవా అనేది. ఆ అరగంట కోసం వారమంతా బతికేది పెంచలమ్మ. పోయిన శుక్రవారం ఆ ఆశ కూడా తెగిపోయింది. పద్మనాభయ్యకు కర్నూలు బదిలీ అయింది. పది రోజుల్లో ప్రయాణం.

బస్సు కోవూరు దాటి పెన్న వంతెన మీదికి ఎక్కినప్పుడు ఆమె ఒళ్ళోని రేకు డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. అందులో తాను రెండు రోజులు ఎండబెట్టిన పంచదార గులాబీలున్నాయి. ఏడాదికొక పువ్వు చొప్పున కేకు చుట్టూ పెట్టాలని టీచరు నేర్పింది. అంతే లెక్కగా చేసింది పెంచలమ్మ. తొమ్మిది.

వంటింట్లో కేకు సిద్ధంగా ఉంది. తెల్లటి ఐసింగు పూత వరకు శేషమ్మ చక్కగానే వేసింది. పెంచలమ్మ పీట వేసుకుని ఒక్కొక్క గులాబీ కింద తడి ఐసింగు చుక్క పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించింది. శేషమ్మ వచ్చి మురిసిపోయి, వేలితో గాలిలోనే లెక్కపెట్టి, ఉన్నట్టుండి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమ్మే, తొమ్మిది పెట్టినావు?"

"తొమ్మిదే గదా వదినా."

"సాయంత్రం ఇంజనీరు గారి భార్య వస్తాది, టీచరమ్మ వస్తాది. వాళ్ళ సంగతి అట్టుంచు, పాపే లెక్కపెడతాది. ఏం చెప్పమంటావు?"

"అత్తకు లెక్క రాదని చెప్పు. నవ్వుకుంటారు. నవ్వుకోనీ."

"ఒకటి తీసెయ్ పెంచలా."

"మీరు కర్నూలు పోతే నేను గుడ్ల బుట్ట పట్టుకుని ఆడికి రాలేను గదా వదినా. బిడ్డ నాదని అనడంలా. ఇచ్చినా, ఇచ్చినట్టే. ఈ ఎనిమిదేండ్లూ నీవి. ఆ మొదటేడాది మాత్రం నేను ఎవరికీ ఇవ్వలా. అదొక్కటే నా కాడ ఉండాది. దాన్ని కూడా లేదనబాకు, నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. శేషమ్మ వెనక్కి జరిగింది.

"ఈరోజు పువ్వంటావు, రేపు బిడ్డంటావు. ముగ్గుర్ని మట్టిలో పెట్టొచ్చినదాన్ని నేను. ఇది కూడా పోతే నేను బతకను."

అంటూనే చెంచా తీసుకుని ఒక గులాబీని పెకలించేసింది. ఒక రేకు విరిగింది. పువ్వు లేచొచ్చిన చోట కేకు గోధుమరంగులో పుండులా కనబడింది. దాన్ని పూడ్చబోతే శేషమ్మ చేతిలోని పొట్లం నుంచి ఐసింగు తప్పుకుని పక్కకు కారింది. పెంచలమ్మ పొట్లం ఆమె చేతిలోంచి తీసుకుని, ఆ గుంటను తానే పూడ్చి నున్నగా చేసింది. మిగిలిన ఎనిమిదింటినీ కాస్త కాస్త జరిపి ఖాళీ కనబడకుండా సర్దింది. తీసేసిన పువ్వును బుట్టలో ఊక మీద పెట్టుకుంది. ఎనిమిదేళ్ళ కిందట కూడా ఆమె తన చేతులతోనే పిల్లకు పావడా కట్టి పంపింది.

సాయంత్రం ముందుగదిలో సందడిగా ఉంది. పెంచలమ్మ వంటింట్లో గ్లాసులు తుడుస్తూ తలుపు వెనకే ఉండిపోయింది. ఇంజనీరు గారి భార్య ఒళ్ళో మనవడు ఉన్నాడు. ఏడాది దగ్గరపడుతున్నా అడుగు వేయడం లేదని ఆమెకు బెంగ.

"మీ పాప ఎన్నో నెలలో నడిచింది శేషమ్మ గారూ?"

"అదీ... అందరు పిల్లల మాదిరే."

"అంటే ఏ నెలండీ?"

"గుర్తు లేదండీ."

అంతలో కామాక్షి గొంతు గలగలమంది. "మా అమ్మకు నా చిన్నప్పటి సంగతులు ఒక్కటీ గుర్తుండవండీ. మొదట ఏం మాట్లాడినానో తెలియదు, పన్ను ఎప్పుడొచ్చిందో తెలియదు. ఎప్పుడడిగినా గుర్తులేదంటాది."

"అయ్యో, ఏ తల్లయినా అది మర్చిపోతుందా?" అని ఆవిడ నవ్వింది. పాపం, ఆవిడకేం తెలుసు?

శేషమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది. మొహంలో నెత్తురు లేదు.

"పెంచలా, ఎప్పుడు నడిచింది?"

"పదకొండో నెలలో, కళ్ళంలో. మొలగొలుకుల వడ్లకుప్ప కాడ మామ కూచోనుంటే, నా చెయ్యి వదిలేసి ఆయన కాడికి పోయింది. ఆరడుగులు వేసింది. ఏడో అడుగుకు పడింది."

"మొదటి మాట?"

"కాకి."

శేషమ్మ నేల మీద కూలబడింది. పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అది అడిగిన ప్రతిసారీ గుర్తులేదన్నాను పెంచలా. నిన్ను అడిగితే నువ్వు తల్లివైపోతావని భయం. నా భయం కోసం బిడ్డకు ఒక ఏడాదే లేకుండా చేసినాను. నీ నోరు నొక్కేసినాను."

పెంచలమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఇంతకాలం ఈ వదిన మీద ఎంత కోపం దాచుకుందో ఆమెకే తెలియదు. ఇప్పుడు వెతికితే అది దొరకలేదు. తనలాగే ఇంకొక బెదిరిపోయిన ఆడది కనబడింది.

"ఆ పువ్వు ఉందా?"

ఊకలోంచి తీసి ఇచ్చింది. శేషమ్మ కళ్ళు తుడుచుకుని, తన చేత్తోనే ఐసింగు పెట్టి, విరిగిన రేకున్న ఆ గులాబీని కేకు మధ్యలో నిలబెట్టింది. ఎప్పటిలాగే అది కాస్త ఒరిగింది. అయినా పడలేదు. అప్పుడు తలుపు తీసి పిలిచింది.

"కామాక్షీ, ఇట్టా రా తల్లీ."

పిల్ల వచ్చి మురిసిపోయి, వేలితో లెక్కపెట్టింది. "అమ్మా, తొమ్మిదుండాయి. ఒకటెక్కువ."

"ఎక్కువ కాదు. అది నీ మొదటేడాది. దాని సంగతి నాకు తెలియదు తల్లీ. అత్తను అడుగు."

కామాక్షి తిరిగి చూసింది. "నేనెప్పుడు నడిచినాను అత్తా?"

పెంచలమ్మ చెప్పింది. కళ్ళం, వడ్లకుప్ప, ఆరడుగులు, ఏడో అడుగు, అన్నీ చెప్పింది.

"పడి ఏడ్చినానా?"

"ఏడవలా. వెనక్కి తిరిగి నవ్వినావు."

"మరి ఎవరు లేపినారు?"

పెంచలమ్మ శేషమ్మ వైపు చూసింది. మామగారిచ్చిన మాట అడ్డుగా ఉంది. శేషమ్మే చెప్పింది.

"ఆమే లేపింది. నిన్ను కన్నది ఆమె. ఏడాది సాకి, నాకు పిల్లలు లేరని నా ఒళ్ళో పెట్టింది."

కామాక్షి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒక చేయి శేషమ్మ పైటను గట్టిగా పట్టుకుంది. పెంచలమ్మ అది చూసింది. పట్టుకోనీ, అనుకుంది. తర్వాత ఆ పిల్ల రెండో చేయి వచ్చి ఆమె మోకాలి మీద ఆనింది.

"అయితే నాకు తొమ్మిదేండ్లా?"

శేషమ్మ మరదలి వైపు చూసి, చెప్పమన్నట్టు తలాడించింది. ఎనిమిదేళ్ళుగా పెంచలమ్మ మనసులోనే లెక్కపెట్టుకున్న అంకె అది. ఒక్కసారి కూడా ఆ పిల్ల ముందు పైకి అన్నది కాదు.

"తొమ్మిదే తల్లీ," అంది.

"అయితే ఇంకో కొవ్వొత్తి కావాలి," అని కామాక్షి గూట్లో వెతకడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకుని, లేచి, దానితో పాటు వెతికారు.