నిండని క్యాన్

కొండ మలుపులో రోడ్డు పక్కనున్న ఊట దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. రాతిగోడలోంచి పొడుచుకొచ్చిన ఇనప గొట్టం, సన్నటి ధార, తియ్యటి నీళ్ళు. పగలంతా అక్కడ క్యాన్లు బారులు తీరి ఉంటాయి. రాత్రిపూట మాత్రం... గొట్టం కింద క్యాన్ పెట్టగానే వెనకనుంచి ఎవరో అడుగుతారట — "నిండిందా?" అని.

నిండింది అన్నారో, నిండేది క్యాన్ కాదు, మీ నూరేళ్ళు.

పలక్కపోయినా, మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఆ దెయ్యం ఇంటిదాకా వెంటబడుతుందట. "ఇంకా లేదు" అనాలి. అదీ నిజం అయ్యుండాలి, అబద్ధమైతే దానికి ఇట్టే తెలిసిపోతుందట.

మా మేనమామకి ఇదంతా తెలుసు. అయినా వెళ్ళాడు, వెళ్ళక తప్పలేదు పాపం. ఆయనకి బస్టాండు దగ్గర టీకొట్టు ఉండేది. ముందురోజు ఊట దగ్గర వంతు రాక కుళాయి నీళ్ళతో టీ కాచాడు. డ్రైవర్లు ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, ఎదురుకొట్టుకి వెళ్ళిపోయారు. అది ఇద్దరు అక్కాచెల్లెళ్ళది. పైగా చెల్లెలు ఈయన్ని చూసి నవ్విందట! తెల్లారి మొదటి బస్సు వేళకి మంచి టీ ఇవ్వకపోతే ఆ డ్రైవర్లు ఇక ఇటు తొంగి చూడరు, కొట్టు మూసుకోవాల్సిందే. అందుకని ఆ రాత్రి మూడింటికి ఊటకి వెళ్తానని మధ్యాహ్నమే బస్టాండంతా వినేలా చెప్పి మరీ బయల్దేరాడు. మా మామయ్య గొప్పలకి పోవడంలో దిట్ట.

ఊట దగ్గర పురుగు కూడా లేదు. సైకిలు గోడకి ఆనించి, క్యాన్ పెట్టాడు. ధార పడుతోంది... సగం నిండింది... ముప్పావు...

"నిండిందా?"

గోడ వెనకనుంచి. ఆడగొంతు. మామయ్య క్యాన్‌లోకి తొంగి చూశాడు.

"ఇంకా... లేదు."

క్యాన్ మూతిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే — "నిండిందా?"

ఇప్పుడు లేదంటే అబద్ధం! మామయ్య చప్పుడు కాకుండా క్యాన్ వంచి, సగం నీళ్ళు ఒలకబోసి, మళ్ళీ గొట్టం కింద పెట్టి, అప్పుడు నిజాయితీగా "ఇంకా లేదు" అన్నాడు.

అలా ఎన్నిసార్లు ఒలకబోశాడో ఆయనకే లెక్క తెలీదు. బట్టలు తడిసిపోయాయి, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అవతల తూరుపు తెల్లబడుతోంది. మొదటి బస్సు హారన్ కొట్టుకుంటూ మలుపు దాటి వెళ్ళిపోయింది. అంతే, మామయ్య అక్కడే కూలబడి నిజంగానే ఏడ్చేశాడు.

గోడ వెనకనుంచి ఎదురుకొట్టు చెల్లెలు బయటికొచ్చింది. చేతిలో ఖాళీ క్యాన్.

"ఏమయ్యా, నువ్వా? నా వంతు కోసం నిండిందా అని అడుగుతూనే ఉన్నా. ఎంతకీ నిండని క్యాన్ ఏమిటా అని... నిన్నే దెయ్యం అనుకుని గోడ వెనకే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నా!"

తన వల్ల ఒక ఆడమనిషి రాత్రంతా భయపడిందని మామయ్య మనసు కరిగిపోయింది. ముందు ఆమె క్యాన్ నింపి, సైకిలుకి కట్టి, కొట్టుదాకా తోసుకెళ్ళాడు. అక్కడ డ్రైవర్లు అక్క పోసిన టీ తాగి లేచిపోతున్నారు. ఈయన కొట్టు ఆ నెలలోనే మూతపడింది. అయినా ఆమెకి రోజూ నీళ్ళు మోయడం మానలేదు. ఏడాది తిరిగేసరికి ఆమె మా అత్తయ్య అయింది.

ఈ కథ నాకు వంటింట్లో చెప్పింది అత్తయ్యే. అంతా అయ్యాక, అంత చీకట్లో నీకెంత భయం వేసిందో కదా అన్నాను. అత్తయ్య వసారావైపు ఓ కన్నేసి, గొంతు తగ్గించింది.

"భయమెందుకురా? ఈయన వస్తాడని తెలిసేగా వెళ్ళి కూర్చున్నాను. మా క్యాన్లు సాయంత్రమే నింపేసుకున్నాం. మొదటి బస్సు దాటేదాకా ఈయన్ని అక్కడ కట్టిపడేస్తే చాలనుకున్నా."

వసారాలో మామయ్య దగ్గాడు. అత్తయ్య నోటిమీద వేలు పెట్టుకుంది.