వంతెన కింద తల వంచుకున్న మనిషి

రైలు వంతెన దగ్గర ఆ మలుపుకి మంచి పేరు లేదు. పగలంతా జనం అటే వెళ్తారు. పొద్దుగూకితే మాత్రం, తెలిసినవాళ్లు చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ దారి తొక్కరు.

అక్కడ ఒకడు నిలబడి ఉంటాడట. తల వంచుకుని... కదలకుండా. పిలిస్తే పలకడట. వాడి వెనక, రోడ్డుకి అవతల, తాళం పడి ఏళ్లయిన మేడ ఒకటుంది. వాడు వచ్చాడంటే ఆ మేడ పైగదిలో దీపం దానంతటదే వెలుగుతుందట. వాడు పోగానే ఆరిపోతుందట.

ఈ కబురు ఒక కుర్రాడి చెవిన కూడా పడింది. పీహెచ్‌డీ చేస్తున్నాడు. ల్యాబులో అందరూ వాణ్ణి చక్రం అంటారు. సైకిలు మీద తప్ప కాలు కదపడని పెట్టిన పేరు. పరిశోధన తిరిగిన చోటే తిరుగుతోందని కూడా కొందరి వెటకారం.

చక్రం ఆ మాట విని ఆవులించాడు.

"నేను రోజూ రాత్రి అక్కడే ఆగుతాను. నాకెవరూ కనపడలేదు" అన్నాడు.

ఆగటం నిజమే. వాడి పనే అది. నగరంలో ఒకే చోట, ఒకే కోణంలో, రాత్రి తరవాత రాత్రి ఫోటో తీయాలి. వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రోగ్రాముకి ఇవ్వాలి. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ ప్రోగ్రాము తీసిపారేస్తుంది. ఎప్పుడూ ఉండేదాన్ని మాత్రం ఉంచుతుంది. చివరికి మనిషన్నవాడు లేని ఖాళీ ఊరు మిగలాలి.

అందుకని వాడు వంతెన గోడకి ఎదురుగా రోడ్డు వార రంగుతో గుర్తు పెట్టుకున్నాడు. ల్యాబు నుంచి వచ్చేటప్పుడు అక్కడ దిగటం, గుర్తు మీద కెమెరా స్టాండు నిలబెట్టటం, చెవుల్లో పాటలు పెట్టుకుని కెమెరా తెర మీదికి తల వంచటం, తీసుకుని పోవటం. ఏడాదిగా ఇదే వరస. నిద్రలో నడిచినట్టు చేసేవాడు. సైకిలు గొలుసు మూత రాసుకుని కీచుమని అరుస్తున్నా, దాన్ని రెండు దెబ్బలు కొట్టి సరిచేసే ఓపిక కూడా లేదు.

మర్నాడు పొద్దున గైడు ముందు పని చూపించాలి. ఈసారి ఫలితం శుభ్రంగా రాకపోతే మొదటికి పొమ్మని ఆయన ముందే చెప్పాడు. మొదటికి పోయే శక్తి తనకి లేదని చక్రానికి తెలుసు. పోవలసి వస్తే చదువే మానేద్దామని లోపల తీర్మానించుకున్నాడు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా తిన్నావా అంటుంది, తిన్నానంటాడు... అంతే.

ఆ రాత్రి ల్యాబులో ఫోటోలన్నీ ప్రోగ్రాముకి ఇచ్చి, బల్ల మీద తల వాల్చాడు. మిషను ఫ్యాను మోత ఆగేసరికి మెలకువ వచ్చింది.

తెర మీద వంతెన. బళ్లు లేవు, మనుషులు లేరు. ఏడాది జనమంతా తుడిచిపెట్టుకుపోయారు.

గోడ దగ్గర ఒకడు ఉన్నాడు.

పొడుగ్గా, నల్లగా... తల వంచుకుని.

చక్రం కళ్లు నులుముకున్నాడు. విడి ఫోటోలు తెరిచాడు. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. బళ్ల వెలుగు, చెమ్మ మరకలు, చిరిగిన పోస్టర్లు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన నీడలు — వాడెక్కడా లేడు. అన్నీ కలిపితే ఉన్నాడు. చలికాలంవి మాత్రమే కలిపి చూశాడు. ఉన్నాడు. వానాకాలంవి కలిపాడు...

ఉన్నాడు. అదే చోట. అలాగే.

ప్రోగ్రాము అబద్ధం చెప్పదు. కదిలేవాణ్ణి ఉంచదు. అంటే రాత్రి తరవాత రాత్రి వాడు అక్కడే నిలబడ్డాడు. తను చూస్తూ ఉండగానే.

ల్యాబు అవతలి మూల అక్క ఒక్కతే ఉంది. తోడబుట్టిన అక్క కాదు, సీనియరు. థీసిసు రాసి రాసి కళ్లకింద నల్లచారలు పడ్డ మనిషి.

"అక్కా... ఒకసారి ఇలా వస్తావా" అన్నాడు గొంతు తగ్గించి.

అక్క వచ్చింది. బొమ్మని పెద్దది చేసింది. కిందికి జరిపింది.

"దెయ్యాలకి కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయంటారు" అంది చివరికి. "నీ దెయ్యానికి ఐదున్నాయేంట్రా?"

చక్రం లెక్కపెట్టాడు. రెండు లావువి. మూడు సన్నవి.

స్టాండు కాళ్లు.

ఇంకేముంది, నీడ. వెనక నుంచి వీధి దీపం వెలుగు పడుతుంటే వాడి నీడా స్టాండు నీడా కలిసి గోడ మీద పడ్డాయి. ఊరందర్నీ పనిగట్టుకుని తీసేస్తే, కదలకుండా మిగిలింది తీసేవాడొక్కడే. ఊళ్లోవాళ్లు చెప్పుకునే మనిషి ఎవరో కూడా అప్పుడే తెలిసింది. చెవుల్లో పాటలుంటే ఎవడు పలుకుతాడు? అక్క కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. వాడికీ నవ్వొచ్చింది గానీ సగంలోనే ఆవులింత అయిపోయింది.

అక్క ఉపాయం చెప్పింది. నీడ పడేలా ఒక ఫోటో, పడకుండా ఒకటి తీసుకురమ్మంది. రెండూ పక్కపక్కన పెడితే సారు తప్పు ప్రోగ్రాముది అనలేడు. దీపస్తంభం ఎంత దూరంలో ఉందో కూడా అడుగులేసి కొలుచుకోమంది.

మళ్లీ సైకిలెక్కాడు. కీచు... కీచు... మలుపు దగ్గర దిగి స్టాండు నిలబెట్టాడు. ఈసారి చెవుల్లో పాటలు లేవు. చెయ్యెత్తాడు. గోడ మీదివాడూ ఎత్తాడు. కూర్చున్నాడు. వాడూ కూర్చున్నాడు. సన్నగా నవ్వుకుని ఒక ఫోటో తీశాడు.

ఇక స్తంభం దూరం కొలవాలి. ఏడాదిలో మొదటిసారి వెనక్కి తిరిగాడు.

స్తంభం ఉంది. దానికి దీపం లేదు. పగిలిన డిప్ప, వేలాడుతున్న తీగ. ఎప్పుడు పోయిందో, దుమ్ము పట్టి ఉంది.

మరి ఈ వెలుతురు...

మెల్లగా తలెత్తాడు. రోడ్డుకి అవతల మేడ. తలుపుకి తుప్పుపట్టిన తాళం. పైన కిటికీలో దీపం. దీపం పక్కన, జుట్టు విరబోసుకుని — ఎవరో.

వాడు సైకిలు వైపు చెయ్యి చాపాడు. కిటికీ రెక్క కిర్రుమంటూ తెరుచుకుంది.

"అయిపోయిందా నాయనా?" అంది ఒక ముసలి గొంతు. "లైటు ఆపెయ్యనా?"

సంగతంతా ఆ మామ్మే చెప్పింది. ముందు తలుపు తాళంచెవి ఎప్పుడో పోయిందట, రాకపోకలన్నీ వెనక సందులోంచేనట. వీధి దీపం ఆరిన కొత్తల్లో చీకట్లో వీణ్ణి చూసి, దెయ్యమనుకుని కిటికీ మూసేసుకుందట. అంతలో వీడు తుమ్మాడట. దెయ్యానికి జలుబేమిటి, ఎవరో చదువుకునే పిల్లాడు, చీకట్లో ఫోటో ఎలా తీసుకుంటాడు పాపం అనుకుందట. అప్పట్నుంచి సైకిలు కీచుమనగానే మోకాళ్లు పట్టుకుని లేవటం, దీపం వేయటం.

"ఎన్నిసార్లు పిలిచానో. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడవు కదా" అంది.

ఆ దీపమే ఏడాది పనిలో మచ్చ పెట్టిందని చెప్పటానికి వాడికి నోరు రాలేదు.

"ఒక్క నిమిషం ఆపండి మామ్మా. ఇంకొకటి తీసుకుంటాను."

దీపం ఆరింది. గోడ మీదివాడు పోయాడు. చక్రం ఫోటో తీశాడు. సైకిలు పట్టుకుని కదలబోతుంటే పైనుంచి చీకట్లోనే వినపడింది.

"ఆ సైకిలు బాగుచేయించకు. నువ్వొచ్చావని నాకెలా తెలుస్తుంది?"

పొద్దున గైడు రెండు ఫోటోలూ పక్కపక్కన చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. సరే, ముందుకి వెళ్లమన్నాడు. ఆ చోట కావలసిన ఫోటోలు అయిపోయాయి. ఇంక వంతెన దగ్గర ఆగవలసిన పని లేదు.

అయినా ఆ మలుపుకి మంచి పేరు రాలేదు. పొద్దుగూకితే అటు ఇప్పటికీ ఎవరూ రారు. ఇప్పుడక్కడ దెయ్యాలు రెండయ్యాయట. కిందిది తల వంచుకోవటం మానేసి, మెడ పైకెత్తి, కిటికీలోని దానితో కబుర్లు చెబుతుందట. మధ్యమధ్య పైది అడుగుతుందట... తిన్నావా అని.