పేరు పెట్టని పిలుపు

బెంగుళూరు దవాఖాన వెనక గేటు దగ్గర కూర్చుని నేను టీ తాగాను. బన్ను కూడా తిన్నాను. మొగుడు లోపల మార్చురీలో ఉంటే దీనికి బన్ను ఎట్లా దిగుతోందా అని మాతో పనిచేసే ఆడవాళ్లు వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను. ఆకలైంది, తిన్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఒంట్లో ఎక్కడో మెయిన్ స్విచ్ బంద్ చేసినట్టుంది.

మేమిద్దరం అక్కడ బిల్డింగుల పనికి వచ్చినవాళ్లం. ముందురోజు సెంట్రింగు కర్ర జారి ఆయన పై అంతస్తు నుంచి పడ్డాడు. చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

అంబులెన్సు డ్రైవరు దశరథం మా వైపు మనిషే, కొత్తకోట ఆయన. ఐసు పెట్టెలో మా ఆయన్ని పెట్టించి, పక్కనున్న బెంచీ మీద నన్ను కూర్చోబెట్టాడు. ఆత్మకూర్ దగ్గర మా ఊరు. చీకటి పడేసరికి చేరతామన్నాడు.

బండి కదలగానే మా అత్త మారెమ్మ ఫోన్ చేసింది. ఆమెకు ఒక్కడే కొడుకు. ఆమె కూడా ఏడవలేదు. పని చెప్పింది.

"మల్లికా, ఏరు వచ్చినకాడల్లా బండి ఆపు. గుప్పెడు పేలాలు చల్లి, పేరు పెట్టి పిలువాలె. ఏరు దాటుతున్నం, ఎంబడి రా అని చెప్పాలె. చెప్పకుంటే పీనుగొక్కటే దాటుతది. వాడు ఆ ఒడ్డుకే నిలవడ్తడు."

"పేరు నేనెట్ల పిలుస్త అత్తా?"

మా దగ్గర ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. పెళ్లయిన నాటి నుంచి నేను ఆయన్ని "ఇగో" అనే పిలిచాను. ఎక్కడైనా పేరు చెప్పాల్సి వస్తే పక్కవాళ్లతో చెప్పించేదాన్ని.

"నువ్వు ఫోన్ వెట్టు. నేను పిలుస్త తియ్," అంది అత్త.

పామిడి దగ్గర పెన్న వచ్చింది. నీళ్లు లేవు, ఇసుకే. దశరథం బండి ఆపాడు. దారిలో కొన్న పేలాలు చల్లి నేను ఫోన్ స్పీకరు పెట్టాను. "విజేందరూ... ఏరు దాటుతున్నం బిడ్డా. ఎంబడి రా," అని అత్త అరిచింది. ఆ అరుపుకి మేకలు కాసేవాళ్లు తలెత్తి చూశారు. అంతే. కర్నూలు కాడ తుంగభద్ర మీద కూడా అట్లాగే పిలిచింది. అప్పటికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

మధ్యలో నేనేం ఆలోచించానో గుర్తులేదు. ఐసు పెట్టె మోటారు గుర్రుమంటూ ఉంది. అది ఆగినప్పుడల్లా ఆయన నిద్రలేచాడేమో అనిపించేది. మళ్లీ మొదలయ్యేది.

కృష్ణ ఒక్కటే మిగిలింది. బీచుపల్లి వంతెన దగ్గరికి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. నీళ్లు నిండుగా ఉన్నాయి, కదులుతున్నట్టు లేవు. అత్తకు ఫోన్ చేస్తే పక్కింటి గుర్వమ్మ ఎత్తింది.

"మీ అత్త సోయి తప్పి పడ్డది బిడ్డా. మొఖం మీద నీళ్లు కొడ్తున్నం. నువ్వే పిలువు. పేరు పెట్టి పిలువు, మర్వకు."

నేను దశరథం వైపు చూశాను. "అన్నా, జర నువ్వు పిలుస్తవా?"

"వద్దు చెల్లె. పరాయోడు పిలిస్తే పరాయోని ఇంటికొస్తడు. నాకూ పిల్లలున్నరు," అన్నాడాయన. ఆయన్ని తప్పు పట్టలేను.

వెనక తలుపు తెరిచి రోడ్డు మీద నిలబడ్డాను. నది మీంచి చల్లగాలి, బురద వాసన, చేపల వాసన. లారీలు పోతుంటే కాళ్ల కింద వంతెన అదురుతోంది. పేలాలు చల్లాను. నోరు తెరిచాను. పేరు నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. ఆయుష్షు తగ్గుతుందన్న భయం కాదు, తగ్గడానికి ఇంకేముంది? పేరు పలికితే ఆయన నిజంగా పోయినట్టే. అదొక్కటే నాకు చేతకాలేదు.

"ఇగో..." అన్నాను. "ఇంటికి పోదాం, దా."

గాలి ఆగింది. లారీలు కూడా ఆగినట్టే ఉంది. ఆ తర్వాత బండి వెనక భాగం నెమ్మదిగా కిందికి కుంగింది... మనిషి కాలు పెట్టి ఎక్కితే కుంగినట్టు. మళ్లీ పైకి లేచింది.

నేను ఎక్కి బెంచీ మీద కూర్చున్నాను. భయం వేయలేదు. వచ్చాడు, అనుకున్నాను. ప్రాణం కుదుటపడ్డట్టయింది. బురద వాసన మాత్రం తలుపు వేశాక కూడా పోలేదు.

వంతెన దిగగానే దశరథం అద్దంలోకి చూశాడు. ఒకసారి... రెండోసారి. బండి పక్కకు తీసి ఆపాడు.

"చెల్లె, జర ముందుకొచ్చి కూసో."

"ఎందుకన్నా?"

"కూసో. అడగకు."

ముందుకు వెళ్లి కూర్చున్నాను. ఆయన అద్దాన్ని పైకి తిప్పేశాడు. ఊరొచ్చేదాకా బండి ఆపలేదు. పెట్టెను దింపగానే, టీ తాగిపొమ్మన్నా వినకుండా వెళ్లిపోయాడు. పెట్టె దింపేటప్పుడు, నేను వదిలి వచ్చిన బెంచీ అంచు నుంచి నీళ్లు కారుతుండడం చూశాను. ఐసు కరిగిందేమో అనుకున్నాను.

బయట పోయిన మనిషి కాబట్టి ఇంట్లోకి తేకుండా వాకిట్లోనే స్నానం పోసి, ట్రాక్టరు లైట్ల వెలుగులో మట్టిచేశారు. అత్త కొడుకు మొహాన్ని చాలాసేపు తడిమింది. ఏదో వెతుకుతున్నట్టుంది.

ఆ రాత్రి నుంచే ఇంట్లో ఎవరో ఉన్నారని నాకు తెలుస్తూ ఉంది. మంచం నులక కిర్రుమనేది. వంటింటి మూలలో నేల తడిగా ఉండేది. "ఇగో, లైటు బంద్ చెయ్యకు," అన్నాను ఒకసారి పొరపాటున. ఆరబోయిన లైటు మళ్లీ నిలకడగా వెలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమైంది. మొదటిసారి కడుపునిండా ఏడ్చాను.

మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమని కోడికూర, గారెలు, సీసాలో కాస్త కల్లు కూడా సమాధి దగ్గర విస్తట్లో పెట్టి దూరం జరిగాం. కాకులు చెట్ల నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. మధ్యాహ్నం దాకా చూశాం. చీమ కూడా పట్టలేదు.

అత్త నా వైపు తిరిగింది. "కృష్ణ కాడ ఏమని పిలిచినవే?"

చెప్పాను.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. అక్కడే కూలబడింది. "ఏట్ల పడి సచ్చినోళ్లు ఎంతమంది ఉంటరే గా నీళ్లల్ల? పేరు లేకుంట పిలిస్తే ఎవనికోసమని తెలుస్తది? నా కొడుకు గా ఒడ్డుకే ఉన్నడు... మూడొద్దుల సంది నిలవడి చూస్తున్నడు."

మరి ఇంట్లో ఉన్నది ఎవరు?

తలుపుకు బయట గొళ్లెం పెట్టి, ఆటో మాట్లాడుకుని బీచుపల్లి పోయాం. వంతెన దాటి అవతలి ఒడ్డున దిగాం. ఆటో అతన్ని దూరంగా ఉండమన్నాం.

"పిలువు," అంది అత్త. "నీ నోటితోనే పిలువాలె ఇగ."

నేను నది వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

"విజేందర్..."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. లోపల ఏదో పుటుక్కున తెగింది. ఇంక ఆయన లేడు. "విజేందర్! ఏరు దాటుతున్నం. ఎంబడి రా!"

నీళ్ల దగ్గరి తుమ్మచెట్ల వెనకనుంచి, చాలా అలసిపోయిన గొంతుతో... "వస్తున్న."

అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూడా విన్నది. దారి పొడుగునా ఆమె ఏడుస్తూ నవ్వింది. ఆటోలో మా మధ్య కొంచెం జాగా వదిలి కూర్చున్నాం.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. ఆటో వెళ్లిపోయింది. తలుపుకు బయటి గొళ్లెం తీసి ఉంది. నెట్టాను, రాలేదు. లోపల గడియ పెట్టి ఉంది.

తలుపు సందులోంచి బురద వాసన వస్తోంది. చెవి ఆనించాను. అవతల ఎవరో నాలాగే చెవి ఆనించినట్టు ఊపిరి వినబడింది.

"మల్లికా..." అన్నాడు. ఆయన గొంతే. ఇంట్లో నన్ను పిలిచినట్టే, మెల్లగా. "నేను గా దినమే వచ్చిన గదనే. నువ్వు ఇగో అన్నవు, నేను ఎక్కిన. ఇప్పుడు నీ ఎనక ఎవన్ని తెచ్చినవ్?"

వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు.

"అత్తా..." అన్నాను గుసగుసగా. "అత్తా, ఆగు..."

అత్తకు లోపలి మాట వినబడలేదు. ఆమె చీకట్లోకి చూస్తూ చెయ్యి చాచింది. "రా కొడుకా," అంటూ, దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.