అలసట నాడి

మదనపల్లె టమోటా మార్కెట్టు బయట బండ్లు వరసగా నిద్రపోతున్నాయి. ప్రతి బండికీ నాలుగు చక్రాల చుట్టూ పసుపుతో గీసిన నాలుగు సున్నాలు ఉన్నాయి. చీమలు ఎక్కకుండా ఆ ఏర్పాటు. డీజిలు కాలంలో డ్రైవర్లు బండి దిగగానే టైర్లలో గాలి చూసుకునేవాళ్ళట. 2068లో ముందు చీమలను చూసుకుంటున్నారు. బెల్లం నీళ్ళతో నడిచే బండికి చీమ కంటే పెద్ద శత్రువు లేదు.

ఆ రకం పికప్పు పేరు బసవ. దాని బానెట్టు ఎత్తితే ఇనుము కనిపించదు. గాజు పెట్టెలో, లేత గులాబీ రంగులో, నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు కదిలే కండ కనిపిస్తుంది. ప్రయోగశాలలో పెంచిన కండర తంతువులను కార్బన్ చట్రానికి బిగించారు. అవి జంటలుగా ముడుచుకుంటూ, సాగుతూ ఇరుసును తిప్పుతాయి. పొగ లేదు, మోత లేదు. శాస్త్రవేత్తలు దానికి ‘కండరచోదకం’ అని పేరు పెట్టారు. మార్కెట్టు దాన్ని ‘కండింజను’ చేసుకుంది. ఇంధనానికి కంపెనీ పెట్టిన పొడవాటి పేరు ఎవరికీ గుర్తు లేదు. బెల్లం, నీళ్ళు, కాసిన్ని లవణాలు కాబట్టి అందరూ పానకం అనే అంటారు. బంకులో మీటరు పక్కన ఒక స్టీలు గ్లాసు గొలుసుకు వేలాడుతూ ఉంటుంది. ఎండాకాలంలో డ్రైవర్లు బండికి పోయించి తామూ ఒక గుక్క తాగుతారు. యాలకులు వెయ్యలేదన్నదొక్కటే వాళ్ళ ఫిర్యాదు.

కండకు ఒక గుణం ఉంది. అది అలసిపోతుంది. తొమ్మిది గంటలు లాగితే తంతువుల్లో ఆమ్లం పేరుకుంటుంది, సన్నని చీలికలు పడతాయి. వాటిని కనిపెట్టడానికి కండ మధ్యగా వెంట్రుకంత నాడి ఒకటి సాగుతుంది. అదే అలసట నాడి. అది హెచ్చరించగానే బండి మెల్లగా రోడ్డు పక్కకు ఒదిగి, డాష్‌బోర్డు మీద నీలం దీపం వెలిగించి, “ఇంక నాతో కాదప్పా” అంటుంది. ఆ తర్వాత ఐదు గంటలు ఎవరు తన్నినా, దండం పెట్టినా కదలదు. ఆమ్లం కరిగి, చీలికలు మాని, తిరిగి లేస్తుంది.

ఆ ఇంజను రూపకర్త డాక్టర్ వకుళ ఆ ఉదయం టీ కొట్టు బల్ల మీద చివరగా కూర్చుని డ్రైవర్ల మాటలు వింటోంది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. అందరూ ఆమెను కంపెనీ నుంచి వచ్చే సర్వీసు మేడం అనుకుంటారు. ఆమె ఎప్పుడూ సరిదిద్దలేదు.

“దసరాకి కొత్త బసవ వస్తాండాదంట. రెండు కండలంట దానికి,” అన్నాడు రెడ్డెప్ప. మార్కెట్టులో అందరికంటే పాత డ్రైవరు.

“రెండు కాదు మామా. టమోటాలు తిని నడిచే ఇంజనంట,” అన్నాడు చెంగల్రాయుడు.

“అట్లయితే మద్రాసు చేరేసరికి లోడు యాడుంటాదిరా? ఉత్త క్రేట్లు దించి వస్తావా?”

బల్లంతా నవ్వింది. చెంగల్రాయుడికి ఇరవై ఏడేళ్ళు. పెళ్ళయి మూడు నెలలు. మండీ యజమాని బండి నడుపుతాడు. అతని చొక్కా ఈ మధ్య ఇస్త్రీ మడతతో కనిపిస్తోందని బల్ల దగ్గర రోజూ ఒక జోకు పడుతుంది.

“నేనింకోటి విన్నా,” అన్నాడు రెడ్డెప్ప, గొంతు తగ్గించి. “నిద్రపోని ఇంజను తెస్తారంట. ఆ నరం పీకేస్తారంట.”

బల్ల మీది మొహాలన్నీ రెడ్డెప్ప వైపు తిరిగాయి.

“పీకితే ఊరుకుంటామా?” అన్నాడు చెంగల్రాయుడు. “మా నాయన ముప్పై ఏండ్లు డీజిలు బండి తోలినాడు. ఇంట్లో ఆయప్ప కండ్లు తెరిచి కూసున్నది నేను చూసిందే లేదు. ఇప్పుడు బండే పండుకుంటాది, సేటు ఫోన్ చేస్తే ‘బండి పండుకోనుండాది సార్, నేనేం చేసేది’ అంటా. ఆ మాట అనేదానికి ఎంత హాయిగా ఉంటాదో తెల్సా మేడం?”

వకుళకు తెలుసు. నలభై ఏళ్ళ క్రితం ఆమె నాన్న ఇదే మార్కెట్టు నుంచి లోడు తీసుకెళ్ళేవాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు: “ఇంగొంచెం దూరమే పాపా.” ఒక తెల్లవారుజామున వేలూరు దాటాక అలాగే అన్నాడు. ఆ తర్వాత కంటి రెప్ప పడింది. లారీ తూము గోడను గుద్దుకుంది. మండీ నుంచి వచ్చిన మొదటి ఫోన్‌లో క్రేట్లు ఎన్ని పగిలాయని అడిగారు. “ఇంక నాతో కాదప్పా” అని ఆయన ఒక్కనాడూ అనలేదు. అందుకే ఆ మాటను వకుళ ఇంజనుకు నేర్పింది. రికార్డింగు గదిలో నటులను కాదని తనే చెప్పింది.

“నిజంగానే ఆ మాట నడుస్తోంది,” అంది ఆమె. “వచ్చే వారం కంపెనీలో తేలుస్తారు. మీరందరూ నిద్రే కావాలంటే, మీ నోటితో చెప్పింది నేను పట్టుకెళ్తాను.”

చెంగల్రాయుడు గ్లాసు పెట్టేసి లేచాడు. “మాయింటికి రా మేడం. ఫస్టు మా ఆడామె చెప్తాది.”

వాళ్ళిల్లు మార్కెట్టు వెనక వీధిలో, మేడ మీద ఒకే గది. చెంగల్రాయుడి బండి పొద్దున పదికి నిద్రపోతుంది, మూడింటికి లేస్తుంది. ఆ ఐదు గంటలూ ఆ గదివి. అతని భార్య లాస్య సంగటి ముద్ద మీద నెయ్యి వేసి వకుళ ముందు పెట్టింది. గది మధ్య నేల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గడులు గీసి ఉన్నాయి. చింతగింజలు నాలుగు, ఒక పక్క సానబట్టి తెల్లగా చేసినవి, మధ్య గడిలో పడి ఉన్నాయి.

“నిన్న పదకొండాట్లు ఆడినాము మేడం,” అంది లాస్య. “పది నేనే గెలిచినా.”

“పదకొండోది గూడా నువ్వే గెలిచినావు. నేను గింజ తిప్పినా,” అన్నాడు చెంగల్రాయుడు.

“చూడు మేడం! మూడు నెల్ల కాపురం, అప్పుడే దొంగతనాలు!”

అతను ఉల్లిపాయ కొరుకుతూ నవ్వాడు. ఆమె అతని పళ్ళెంలో ఇంకో ముద్ద పడేసింది, అడక్కుండానే. కిటికీలో మజ్జిగ కుండకు చుట్టిన తడిగుడ్డ ఆరిపోతుంటే అతను చెంబుతో నీళ్ళు చిలకరించాడు. పెద్ద విషయాలేమీ కావు. వకుళ మాత్రం తినడం ఆపి చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు గాజు పెట్టెల ముందు కూర్చుని తను తయారు చేసింది ఇంజను కాదు, ఈ మధ్యాహ్నం అనిపించింది.

రికార్డరు పెట్టగానే లాస్యే ముందు మాట్లాడింది. “ఆ నరం తెంపద్దండి. మాకుండేది ఈ ఐదు గంటలే.” చెంగల్రాయుడు పక్కన కూర్చుని, “నాదీ అదే మాట,” అన్నాడు.

వారంలో నాలుగు వందల పన్నెండు మంది డ్రైవర్లు అదే మాట చెప్పారు.

తిరుపతిలో, కంపెనీ పరిశోధన కేంద్రంలో, నరహరి ఆ గొంతులన్నీ ఓపికగా విన్నాడు. అతను వకుళతో పాటే చేరినవాడు, ఇప్పుడు విభాగానికి అధిపతి. వాళ్ళ ఎదురుగా బల్ల మీద రెండు ఇంజన్లు నడుస్తున్నాయి. ఒకటి నీలం దీపం వెలిగించి ఆగింది. రెండోది, నాడి తెంచినది, పంతొమ్మిదో గంటలో కూడా అదే వేగంతో తిరుగుతోంది. గాజులోంచి చూస్తే దాని తంతువులు అంచుల్లో నల్లబడుతున్నాయి.

“పదకొండు నెలల్లో కండ కుళ్ళిపోతుంది,” అంది వకుళ.

“కొత్త పెట్టె మారుస్తారు. దానికి నొప్పి తెలియదు వకుళా.”

“తెలిసే నాడి తెంచేశాం కాబట్టి. డ్రైవరు మాటేంటి? బండి ఆగకపోతే అతనెక్కడ ఆగుతాడు?”

“నేనేమీ రాక్షసుణ్ణి కాదు తల్లీ. ఒక్క ఇంజనే పెడితే నువ్వు గెలిచినా నేను గెలిచినా గొడవే. రెండూ పెడదాం. ‘విశ్రాంతి’ ఒకటి, ‘నిర్విరామం’ ఒకటి. ఈసారి బుకింగుల్లో సగానికి పైగా సొంత బండి కొనుక్కునే డ్రైవర్లవే. నీ నాలుగు వందల మందిలో చాలామంది ఆ జాబితాలో ఉన్నారు. ఎంపిక వాళ్ళకే వదిలేద్దాం. నీ మనుషుల మీద నీకు నమ్మకం లేదా?”

వకుళ రికార్డరును చేతిలో తిప్పుతూ లెక్క వేసుకుంది. సేట్లు ఎంచుకుంటే భయపడాలి. ఎంచుకునేది రోడ్డు మీద కళ్ళు మంటపుట్టిన మనుషులే. వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు? నిర్విరామం ఒక్కటి కూడా అమ్ముడుపోక అదే మూలపడుతుంది.

“సరే. రెండూ పెట్టండి,” అని సంతకం చేసింది. ఆ కాగితం మీద ఆమె పేరే ముందుంది.

ఆయుధపూజ నాటి ఉదయం మదనపల్లె షోరూము ముందు కొత్త బసవలు బంతిపూల దండలతో నిలబడ్డాయి. లోపల బుకింగు యంత్రం ఒక్కొక్కరినీ పిలిచి మర్యాదగా ప్రశ్నలు అడుగుతోంది. వకుళ ఒక మూల కుర్చీలో కూర్చుంది. పదిన్నరకు చెంగల్రాయుడు వచ్చాడు. కొత్త పంచె, నుదుట కుంకుమ, చేతిలో నాలుగు నిమ్మకాయలు. వెనకే లాస్య, పట్టుచీరలో, చంకన గుమ్మడికాయతో. అతను వకుళను చూడగానే పరుగెత్తుకొచ్చాడు.

“మేడం! సొంత బండి! డ్రైవర్లకిచ్చే లోనులో నా పేరొచ్చింది. ఇంగ నేను డ్రైవర్ని కాదు, ఓనర్ని!”

ఆమె నిజంగా సంతోషించింది. లేచి అతనితో పాటే యంత్రం దగ్గరికి వెళ్ళింది.

“రంగు?” అంది యంత్రం.

“టమోటా రంగే.”

“ఇంజను? విశ్రాంతి లేక నిర్విరామం?”

“నిర్విరామం,” అన్నాడు చెంగల్రాయుడు. రంగు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

వకుళ అతను పొరబడ్డాడనుకుంది. “చెంగల్రాయుడూ, అది నాడి తెంచింది. నిద్రపోనిది.”

“తెలుసు మేడం.”

“నరం పీకితే ఊరుకుంటామా అన్నావు. నీ గొంతు నా దగ్గరుంది.”

అతను కొంచెం సిగ్గుపడ్డాడు, కొంచెం విసుక్కున్నాడు. “అప్పుడు నువ్వడిగింది నేను తోలే బండి గురించి. ఇది నేను కొనే బండి. పక్కోడు నిర్విరామం తీసుకున్నాడనుకో, నా బండి పండుకున్నప్పుడు వాని టమోటా మద్రాసులో కోయంబేడు మార్కెట్టు చేరిపోతాది. ఇంగ నాకెవరిస్తారు లోడు? నువ్వే చెప్పు.”

“మరి నీ ఐదు గంటలు?”

“యాడికి పోతాయి? నేను తోలను గదా,” అన్నాడు అతను, తెరిపిన పడ్డవాడిలా నవ్వి. “డ్రైవర్ని పెట్టుకున్నా. మా రెడ్డెప్ప మామ చెల్లెలి కొడుకే, మునీంద్ర. మంచోడు. రోజు బత్తా గూడా బాగా ఇస్తా మేడం, మా సేటు మాదిరి కాదు.”

వకుళ యంత్రం తెర వైపు చూసింది. ఉదయం నుంచి జరిగిన బుకింగుల లెక్క మూలన ఎర్రగా వెలుగుతోంది. నిర్విరామం నూట ముప్పై ఆరు. విశ్రాంతి రెండు. పేర్లు ఒకదాని తర్వాత ఒకటి పైకి పోతున్నాయి. అందులో సగం పేర్ల గొంతులు ఆమెకు తెలుసు. నాలుగు వందల పన్నెండు మందిని ఆమె ఒక ప్రశ్న అడిగింది. రెండో ప్రశ్న అడగాలని తోచలేదు.

“ఈ ఇంజనుకు అలసట పలుకు ఉండదు,” అంది యంత్రం. “దాని బదులు డ్రైవరుకు ప్రతి గంటకూ ఒక మాట వినిపిస్తాం. మీరే చెప్పవచ్చు. చెప్పండి.”

చెంగల్రాయుడు తల గోక్కున్నాడు. మునీంద్రకు ధైర్యం చెప్పే మాట కావాలి. తిట్టినట్టు ఉండకూడదు. కాసేపు వెతుక్కుని, మైకు దగ్గరికి వంగి, ముద్దుగా అన్నాడు.

“ఇంగొంచెం దూరమేరా అబ్బోడా.”

“నమోదైంది,” అంది యంత్రం, అతని గొంతుతోనే ఆ మాట ఒకసారి తిరిగి వినిపించి.

వకుళకు అందులో నాన్న గొంతు వినిపించింది. చెంగల్రాయుడు ఆమెను గమనించలేదు. బయట తన బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడానికి ఉత్సాహంగా నడిచాడు. లాస్య మాత్రం కదల్లేదు. గుమ్మడికాయ బరువుకు పక్కకు వంగి నిలబడింది.

“ఏమే, రా! ముహూర్తం దాటిపోతాంది,” అని గుమ్మం బయట బండి దగ్గర్నుంచి పిలిచాడు.

“మునీంద్రకు పెండ్లయింది గదా?” అంది లాస్య.

“అయింది. పోయిన నెలలోనే. నువ్వే గదా చీర కొనింది.”

“ఆ పిల్ల పేరేంది?”

“ఏ పిల్ల?” అన్నాడు చెంగల్రాయుడు. అప్పటికే వంగి, నాలుగో నిమ్మకాయను టైరు కింద సరిగ్గా అమరుస్తున్నాడు.