ఐదో యూజర్

"నీ పని ఒక బొత్తాన్ని కనిపెట్టకపోవడం," అన్నారు పెద్దాయన.

జిడ్డు ఆయన మొహంలోకి అనుమానంగా చూశాడు. సీక్రెట్ సర్వీస్‌లో చేరి పదిహేడేళ్ళయింది. గోడలు దూకాడు, తాళాలు తీశాడు, ఒకసారి శవం వేషంలో సరిహద్దు దాటాడు. పట్టిన పని వదలడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. కనిపెట్టకుండా ఉండమని మాత్రం ఇంతవరకు ఎవరూ పురమాయించలేదు.

ఆగి ఉన్న వ్యాన్‌లో పెద్దాయన తన ఫోన్ తెరిచి చూపించారు. ఊళ్ళో ప్రతివాడూ వాడే సోషల్ మీడియా యాప్.

"దీన్ని కొత్తగా డిజైన్ చేశారు. యూజర్‌కి సుఖంగా ఉండాలని చెప్పుకుంటున్నారు. ఇదివరకు పేజీ మూసే బొత్తాం కింద కుడి మూలన ఉండేది. ఇప్పుడు సరిగ్గా అక్కడే 'నేనిక్కడున్నాను' అనే బొత్తాం పెట్టారు. మూసే గుర్తేమో పైన మూలకి పోయింది. తెల్లటి పేజీ మీద బూడిదరంగు గీత, నువ్వుగింజంత."

"వేలు అలవాటు కొద్దీ పాత చోటికే పోతుంది."

"పోతుంది. నొక్కినవాడి అడ్రస్ విదేశీ ముఠా చేతికి పోతుంది. మనవాళ్ళవని అనుమానమున్న పద్నాలుగు అకౌంట్ల లిస్టు వాళ్ళ దగ్గరుంది. మనుషులు ఎక్కడున్నారో తెలీదంతే." పెద్దాయన గొంతు తగ్గించారు. "అందులో అక్క ఉంది."

సర్వీస్‌లో అందరూ ఆవిడని అక్కనే పిలుస్తారు. జిడ్డుకి ఈ విద్య నేర్పింది అక్కే. తూటా తగిలిన రాత్రి రెండు మైళ్ళు వీపున మోసుకొచ్చింది కూడా అక్కే. ఇప్పుడు పరాయి దేశంలో దర్జీ కొట్టు పెట్టుకుని, పది మందిలో ఒకతెగా కనబడడానికి ఈ యాప్‌లో కుట్టిన జాకెట్ల ఫొటోలు పెడుతోంది.

"ముందే హెచ్చరించవచ్చు కదా సార్?"

"కబురు పంపే దారి నెలకోసారే తెరుచుకుంటుంది. ఇంకా తొమ్మిది రోజులుంది. రిలీజ్ ఇవాళ పన్నెండు గంటలకి. ఆపమని కంపెనీకి మనమే చెప్తే, ఆ లిస్టు నిజమేనని దండోరా వేయించినట్టు."

మిగిలిన దారి ఒక్కటే. రిలీజ్‌కి ముందు ఐదుగురు బయటివాళ్ళ చేత యాప్ వాడించి చూస్తారు. ముగ్గురు ఆ పేజీని మూయలేకపోతే రిలీజ్ దానంతటదే ఆగిపోతుంది. అది కంపెనీ రూలు. ఇప్పటికి ఇద్దరు మూశారు, ఇద్దరు మూయలేకపోయారు. ఐదో మనిషి జిడ్డే.

"టెస్ట్ నడిపే కోఆర్డినేటర్ ముఠా మనిషి. ఇదంతా మనకి చేరవేసింది అక్కడి చీఫ్ డిజైనర్ మేడమ్. వాళ్ళకీ చేరవేస్తుందని నా అనుమానం. కోడ్, 'కళ్ళు అలిసిపోయాయా?' నీ జవాబు, 'ఎడమది మాత్రమే.' ఆవిడ నోట వింటేనే జవాబివ్వు."

రిటైరైన గుమాస్తా వేషంలో, నెరిసిన మీసంతో, కళ్ళజోడుతో, జిడ్డు ఆ కంపెనీ ఆఫీసు మెట్లెక్కాడు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆవిడ కెమెరా పెన్ను, మైక్ ఉన్న ఉంగరం, విషపు సూది వాచీ తీయించి ప్లాస్టిక్ ట్రేలో పడేసింది. డిపార్ట్‌మెంటు ముద్దుగా చేయించిన సరంజామా అంతా అక్కడే ఆగిపోయింది.

నడవాలో మేడమ్ ఎదురైంది. ఆకుపచ్చ సిల్కు చొక్కా, పలచటి అత్తరు వాసన, నవ్వని కళ్ళు.

"మీసం బాగా కుదిరిందండీ," అని అద్దం గోడ వెనక గదిలోకి వెళ్ళిపోయింది. మెచ్చుకుందో హెచ్చరించిందో జిడ్డుకి అంతుపట్టలేదు.

"రండి బాబాయ్ గారూ," అన్నాడు కోఆర్డినేటర్, పక్క గదిలో తెర ముందు కూర్చోబెడుతూ. గొంతులో తేనె ఒలుకుతోంది. "తెర కింద ఉన్న ఈ పెట్టె మీ కళ్ళు ఎటు చూస్తున్నాయో పట్టేస్తుంది. పది సెకన్లు కళ్ళు కనబడకపోతే టెస్ట్ రద్దు, ఇంకో మనిషిని పిలుస్తాం. టైమ్ ఐదు నిమిషాలు. మనసులో ఏమనుకుంటే అది పైకి అంటూ ఉండాలి. ఈ పేజీ మూయండి."

మనసులో ఉన్నది పైకి అనమని గూఢచారిని అడగడం ఎంత అన్యాయమో ఆ గదిలో జిడ్డు ఒక్కడికే తెలుసు.

"ఇక్కడేదో ఉంది బాబూ," అంటూ కింద కుడి మూల నొక్కాడు. పేజీ పోలేదు. మళ్ళీ నొక్కాడు. "మా ఇంట్లో ఫోన్ ఇలా ఉండదు."

చేతకానట్టు నటించడం చేతనవును. కష్టమంతా కళ్ళతోనే. ఆ బూడిదరంగు గీత మీద చూపు ఒక్కసారి వాలి కూడా వేలు నొక్కకపోతే దొంగ దొరికిపోయినట్టే. చూడకూడదనుకున్న కొద్దీ కళ్ళు తాడు తెంచుకున్న దూడలా అటే లాగుతున్నాయి. జిడ్డు వాటిని తెచ్చి పేజీ అడుగున కట్టేశాడు. నాలుగు నిమిషాలు గడిచాయి.

కోఆర్డినేటర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "కళ్ళు అలిసిపోయాయా బాబాయ్ గారూ?"

కోడ్ వీడి నోట్లోకి ఎలా వచ్చింది? మేడమ్ అమ్మేసిందా? మనవాడు వీడే, దొంగ ఆవిడేనా?

"లేదు బాబూ. రెండూ శుభ్రంగా ఉన్నాయి."

"అయితే పైన ఒకసారి..."

"సహాయం చేయకూడదు," స్పీకర్‌లో మేడమ్ గొంతు. "రూల్ తెలుసుగా."

కోఆర్డినేటర్ నోరు మూశాడు కానీ చెయ్యి ఊరుకోలేదు. బల్ల కింద ఏదో తిప్పాడు. తెర వెలుగు ఒక్కసారిగా పెరిగి గీత నల్లగా తేలింది. గోడ గడియారంలో ఇంకా తొమ్మిది సెకన్లు.

జిడ్డు కళ్ళజోడు తీసి, కళ్ళు గట్టిగా మూసుకుని, చొక్కా అంచుతో అద్దాలు తుడవసాగాడు. "వయసైపోయింది బాబూ, వెలుగు ఓర్చుకోలేను."

"కళ్ళు తెరవండి. తెరవమంటుంటే." కోఆర్డినేటర్ గొంతులో తేనె ఇంకిపోయింది.

మూడు. రెండు. ఒకటి. గంట మోగింది. తెర మీద ఎర్ర అక్షరాలు: ముగ్గురు విఫలం, రిలీజ్ నిలిపివేత.

కోఆర్డినేటర్ వెనక మెట్ల వైపు పరుగెత్తాడు. అక్కడ లిఫ్టు బాగుచేస్తున్న ఇద్దరు మనుషులకి లిఫ్టుల గురించి ఏమీ తెలియదు. వాణ్ణి మాత్రం బాగానే పట్టుకున్నారు.

నడవాలో జిడ్డు మేడమ్‌ని నిలదీశాడు. "కోడ్ వాడికి చెప్పింది మీరేనా?"

"నేనే. ఏదో ఒకటి ఇవ్వకపోతే నన్ను నమ్మి ఆ అద్దం గది ఛాయలకి రానిచ్చేవాడు కాదు."

"నేను జవాబిచ్చి ఉంటే?"

"అంత తెలివితక్కువాణ్ణి పంపరనుకున్నాను," అని ఆవిడ చల్లగా వెళ్ళిపోయింది. ఆ మాట నమ్మాలో వద్దో జిడ్డుకి ఇప్పటికీ తేలలేదు.

తొమ్మిది రోజులకి దారి తెరుచుకుంది. అక్క రాసిన నాలుగు వరుసలు పెద్దాయన పైకి చదివారు.

"క్షేమం. ఈ యాప్‌కి కొత్త డిజైన్ అన్నారు, ఆఖరి నిమిషంలో ఆగిపోయిందట. పాతదాంతో ప్రాణం విసిగిపోతోంది. అడ్డుపడ్డ సన్నాసి ఎవడో కనుక్కుని నాలుగు తగిలించండి."

అక్క బతికే ఉంది, తిడుతోంది కూడా. జిడ్డుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి దాచుకోలేదు.

"ఏమని రాయమంటావు?" అన్నారు పెద్దాయన.

"విచారణ జరుగుతోందని రాయండి సార్."