నల్లగట్టు పాతర్లు

కుందు నది ఒడ్డున బురుజులన్నిటి మీదా పసుపు పతాకలు రెపరెపలాడుతుండగా, రాజవీధి పొడవునా చల్లిన పన్నీరు ఎండకు ఆవిరై మత్తుగా పైకి లేస్తుండగా, మీనపురి మహానగరం ఆ ఉదయం ఏదో ఉత్సవానికి ముస్తాబైనట్టే ఉంది. జనం చూడవచ్చిన వేడుక మాత్రం ఒక వీరుని పరాభవం. నల్లగట్టు దుర్గాన్ని శత్రువుకు అప్పగించాడన్న నేరం మీద దుర్గాధిపతి కాచమనాయకుణ్ణి సంకెళ్ళతో నడిపించుకు వస్తున్నారు.

"ద్రోహీ! పిరికిపందా!" అంటూ మేడల మీద నుంచి కుళ్ళిన పళ్ళు విసిరారు. వాటిని అతడు తుడుచుకోలేదు. ఇళ్ళలోంచి వస్తున్న కాగిన నేతి వాసనకు మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నల్లగట్టులో తల్లులు తోలు నడికట్లు ఉడికించి పిల్లలకు పెట్టారు. ఆ సంగతి ఈ వీధిలో ఒక్కరికీ తెలియదు.

సభలో సింహాసనం మీద మల్లదేవ మహారాజు, కుడిపక్కన ప్రధానమంత్రి గుండనామాత్యుడు, ఎదుట ధర్మాసనం మీద వృద్ధుడైన ధర్మాధికారి వెన్నయభట్టు కొలువుతీరి ఉన్నారు.

గుండనామాత్యుడు లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు.

"మహాప్రభూ! రెండేళ్ళకు చాలినంత జొన్న నల్లగట్టులో నేలలో తవ్విన ధాన్యపు పాతర్లలో పోయించి, నా చేతి ముద్ర వేసి ఈ నాయకునికి అప్పగించాను. నాలుగు నెలలైనా నిలవక తలుపులు తెరిచాడు. భయమో, శత్రువు బంగారమో, దేవరవారే విచారించాలి. ఆ దుర్గం పోయిన దుఃఖంతో ఈ వృద్ధునికి అన్నం సయించడం లేదు."

అంటున్న ఆ పెదవులు తాంబూలంతో ఎర్రగా మెరుస్తున్నాయి. యుద్ధంలో తెగిన తలలు చూసినప్పుడు కూడా కాచమనాయకునికి ఇంత రోత పుట్టలేదు.

"చెప్పవలసినది ఉంటే చెప్పు, నాయకా" అన్నాడు వెన్నయభట్టు.

"ఉంది, స్వామీ. ఆ పాతర్ల మూతల మీద ముద్రలు పగలకుండానే ఉన్నాయి. ఊరిపెద్దల ఎదుట తెరిపించాను. పైన మూరెడు లోతు బంగారంలాంటి జొన్న. దాని కింద ఊక, ఊక కింద ఏటి ఇసుక. ఉన్నదాన్నే పిడికెళ్ళుగా పంచి నెట్టుకొచ్చాం. తరువాత ఆకులు తిన్నాం. నా తమ్ముడు మారన తన వాటా పిల్లలకు పంచి, కోటగోడ మీద బల్లెం పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ప్రాణం విడిచాడు. అప్పుడు తలుపులు తెరిచాను. అది నేరమైతే ఒప్పుకుంటున్నాను."

అతడు మళ్ళీ అందుకున్నాడు.

"మేము బయట అడుగుపెట్టేసరికే శత్రువుల శిబిరంలో సంకటి ఉడుకుతోంది. వాళ్ళ దళపతి జాలిపడి మా పిల్లలకు పెట్టించి, మమ్మల్ని పోనిచ్చాడు. ఆ పొయ్యిల పక్కన గుట్టగా పడి ఉన్న గోనెల మీద మన రాజ్యపు జంటమీనాల ముద్ర ఉంది. మన రైతు పండించిన గింజలు తిని వాళ్ళు మమ్మల్ని ముట్టడించారు, మహాప్రభూ! నా నోట పెట్టుకున్న ముద్ద అక్కడే కక్కాను."

"అబద్ధం!" అని అరిచాడు గుండనామాత్యుడు. "ఆ ధాన్యం అమ్ముకున్నది ఇతడే!"

వెన్నయభట్టు నెమ్మదిగా తల తిప్పాడు. "చుట్టూ శత్రుసేన ఉండగా లోపలున్నవాడు గోనెలు బయటికి ఎలా మోయించాడు, అమాత్యా? సరే, ఈ నగరపు పాతర్లకూ ముద్ర వేసింది తమరే కదా. ఇప్పుడే పోయి చూద్దాం."

"ఇప్పుడా? నేడు తిథి మంచిది కాదు... పాతర తెరిస్తే పురుగు పడుతుంది..."

మహారాజు సింహాసనం దిగాడు. సభంతా అతని వెంట కదిలింది.

కోట వెనుక పాతర మూత తీయించారు. పైన జొన్న నిగనిగలాడింది. కాచమనాయకుడు సంకెళ్ళ చేతులతోనే ఒక భటుని బల్లెం అందుకుని లోపలికి దించాడు. మూరెడు దిగాక పట్టు తప్పినట్టు సర్రున జారింది. పైకి లాగితే దాని మొన వెంట ఊక లేచి మహారాజు పట్టువస్త్రాల మీద వాలింది. మహారాజు ముఖం పాలిపోయింది. శత్రువు నల్లగట్టు దాటితే తరువాతి మజిలీ ఈ నగరమే.

గుండనామాత్యుడు చేతులు జోడించాడు. ఆ గొంతులో పశ్చాత్తాపం లేదు, బేరం ఉంది. "పొరపాటే, ప్రభూ. కాని నేను కత్తి పట్టలేదు, ఒక్కరి మీద చెయ్యి ఎత్తలేదు. ఇది వ్యాపారంలో జరిగిన తేడా. రెట్టింపు దండుగ కడతాను. ఖజానా నిండుతుంది."

సభాసదులలో కొందరు గొణిగారు: అంతటి వంశం, దండుగతో పోనిద్దాం. మహారాజు కూడా క్షణం తటపటాయించాడు. ఆ తటపటాయింపు చూసి కాచమనాయకుడు ఊకలో ఉమ్మాడు.

"మహాప్రభూ" అన్నాడు వెన్నయభట్టు. "ఆకలికి చేరెడు గింజలు దొంగిలించినవాని చేయి నరకమని ఈ నోటితోనే తీర్పు చెప్పాను. ఈనాడు దండుగతో సరిపెడితే ఆ తీర్పులన్నీ నన్ను పీక్కుతింటాయి. కత్తితో చంపేవాడు చచ్చేవాని ముఖమైనా చూస్తాడు. ఇతడు దిండ్ల మీద ఆనుకుని, ముఖం చూడకుండా ఊరునే చంపాడు. ఇతని ముద్రిక పగలగొట్టించండి. సర్వస్వం నల్లగట్టు వారిది. బతికినంతకాలం ఇతడు చెరసాలలో ఉంటాడు. ఈ బేరంలో వాటా తిన్న ప్రతివాడికీ, వాడు ఎవరి బంధువైనా సరే, ఇదే శిక్ష. నాయకుడు నిర్దోషి."

మహారాజు తల వంచి సమ్మతించాడు. ఇందాక గొణిగిన పెద్దలే ముందుకు దూకి మంత్రి భుజం మీది ఉత్తరీయం లాగేశారు, అతని మీద ఉమ్మారు. ఆ దృశ్యం కూడా కాచమనాయకునికి రోతగానే తోచింది.

"ఏ పదవి కావాలో కోరుకో, నాయకా" అన్నాడు మహారాజు.

"మా జనం ఊరిబయట పస్తులున్నారు, ప్రభూ. ముందు వాళ్ళకు అన్నం."

సాయంకాలానికి మంత్రి సొంత కొట్లు తెరిచి, బండ్ల మీద బియ్యం కోట ద్వారం బయటికి తోలారు. ద్రోహులని నగరంలోకి రానివ్వని నల్లగట్టు జనం అక్కడ ఎండిన వాగులో కూర్చుని ఉన్నారు. కాచమనాయకుడు తీర్పు వినిపించాడు. జయజయధ్వానాలు లేవలేదు. ఒక ముసలామె లేచి బండి దగ్గరికి వచ్చి, "ఆ గోనె మూతి విప్పించు, నాయనా" అంది. విప్పగానే పైనున్న బియ్యం వంక చూడకుండా, సన్నని చేతిని భుజం దాకా గోనెలోకి దూర్చి, అడుగున ఉన్నవి పిడికిట పట్టి తీసి, వెలుతురులో చూసింది.

"బియ్యమేనమ్మా" అన్నాడతడు.

"ఇది బియ్యమే. మరి ఆ రెండో గోనె?" అంది ఆమె.

కాచమనాయకుడు సంకెళ్ళు ఒరుసుకుపోయిన చేతులతో రెండో గోనె మూతి తానే విప్పి, చేయి అడుగుదాకా దించాడు.